పద్యం చదివి ఏడ్చిన తరువాత

పరీక్ష పేపర్లు దిద్దడమంత విసుగు పుట్టించే పని మరొకటి లేదని తెలుగు మాస్టర్లందరూ ఒప్పుకుంటారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు, అవే అక్షరదోషాలు. ముప్పై ఏళ్లు ఆ పని చేశాను. ఎన్ని వేల పేపర్లు నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్క లేదు. వాటిలో ఒక్కటి మాత్రం నన్ను ఇంకా వదలలేదు. దానికి నేను ఎనిమిదికి రెండు మార్కులు వేశాను. పక్కన ఎర్రసిరాతో ఒక మాట కూడా రాశాను: ‘అప్రస్తుతం’.

1993 నాటి సంగతి. తొమ్మిదో తరగతి పిల్లలకు గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ నుంచి కొన్ని పద్యాలు చెప్పాను. ఆ కావ్యం పేరు వినని ఇల్లు మన విచారణల్లో తక్కువే అనుకుంటాను. అయినా నేటి పిల్లల కోసం రెండు మాటలు చెప్పాలి. జాషువ 1895లో వినుకొండలో, క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. ఎంత గొప్పగా పద్యం చెప్పినా ‘నీదే కులం?’ అన్న ప్రశ్న ఆయన వెంట నడుస్తూనే వచ్చింది. ఆయన రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ‘గబ్బిలం’ అంతకు చాలా ముందు, 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు విరహంతో వేగిపోతూ మేఘం చేత భార్యకు కబురు పంపుతాడు. జాషువ కథానాయకుడిది విరహం కాదు, ఆకలి. తంజావూరులో ఉండే ఒక అంటరాని పేదవాడు. రాత్రివేళ అతని గుడిసెలోకి ఒక గబ్బిలం వస్తుంది. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని లోకం అంటుంది. కాని గుళ్లో వేలాడే గబ్బిలాన్ని ఎవరూ తరమరు. అందుకే అతడు దాన్ని బతిమాలుకుంటాడు. నువ్వు గర్భగుడిలో వేలాడేటప్పుడు దేవుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది గదా, పూజారి లేని సమయం చూసి నా గోడు వినిపించు అంటాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. కావ్యమంతా ఈ ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది.

ఆ పద్యాలు నేను బాగానే చదివేవాణ్ణి. రాగం తీసి చదివితే వెనక బెంచీలవాళ్లు కూడా తల ఎత్తేవారు. కొందరు ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవారు. నాకూ గొంతు పూడుకుపోయేది. పాఠం బాగా కుదిరిందని తృప్తిగా ఇంటికి వెళ్లేవాణ్ణి.

త్రైమాసిక పరీక్షలో ప్రశ్న ఇచ్చాను: ‘కవి హృదయాన్ని మీ సొంతమాటల్లో వివరించండి.’ మొత్తం 43 పేపర్లు. సొంతమాటలన్నీ ఒకే గైడులోవి. ‘కవి హృదయం కరుణరస పూరితమై ద్రవించినది’ అని ఒకరి తరువాత ఒకరు రాసుకుపోయారు. ఒక పిల్లవాడు మాత్రం ‘ఈ పద్యాలు నాకు అర్థం కాలేదు, పాత భాష కష్టంగా ఉంది’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు. వాడికి సున్నా వేశాను. ఆ తరువాత వచ్చింది ఆ అమ్మాయి పేపరు. కంఠస్థం చేసినట్టు నాకు ఇప్పటికీ గుర్తున్న నాలుగైదు వాక్యాల సారాంశం ఇది:

‘గబ్బిలం గుడిలోకి పోవచ్చు, మనిషి పోకూడదు అని చదివి నాకు ఏడుపు వచ్చింది. తరువాత ఇంటికి వెళ్లాక ఒకటి చూశాను. మా ఇంట్లో పిల్లి వంటింట్లోకి వస్తుంది. పాచిపని చేసే ఆమె రాదు. ఆమెకు టీ పోసే సత్తుగ్లాసు పెరటి గోడ గూట్లో ఉంటుంది. ఆదివారం ఆమె కూడా మా దేవాలయానికే వస్తుంది, దివ్యసత్ప్రసాదం తీసుకుంటుంది. సోమవారం మళ్లీ ఆ గ్లాసులోనే తాగుతుంది. పద్యంలో మనిషి కోసం ఏడిస్తే చాలా? నాకు తెలియదు.’

ప్రశ్న కవి హృదయం గురించి. ఆమె రాసింది వాళ్లింటి గ్లాసు గురించి. భావమూ లేదు, అలంకారమూ లేదు, కవి పరిచయమూ లేదు. అప్రస్తుతమే కదా! ఎర్రకలం తనంతట తానే కదిలింది.

రిటైరైన తరువాత తీరిక దొరికి పునీత అగుస్తీనువారి ‘కన్ఫెషన్స్’ నిదానంగా చదివాను. మహా పునీతుడి ఆత్మకథ గదా, మారుమనస్సు, దైవచింతన ఉంటాయని తెలుసు. మొదటి భాగంలోనే ఒక బడిపిల్లవాడి గోడు ఉంటుందని మాత్రం అనుకోలేదు.

ప్రియ పాఠకులారా, ఆ భాగం మన పిల్లలు చదివితే ‘ఈయన మావాడే’ అంటారు. అగుస్తీను 354లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశంలో ఉన్న తగాస్తే అనే ఊళ్లో పుట్టాడు. బడిలో దెబ్బలు తప్పించమని చిన్నప్పుడు దేవుణ్ణి ప్రార్థించేవాడట. ఒంటిమీద వాతలు చూసి పెద్దవాళ్లు నవ్వేవారట. ఒకటీ ఒకటీ రెండు అని ఎక్కాలు వల్లించడమంటే ఆయనకు పరమ అసహ్యం. ట్రోయ్ నగరం తగలబడటం, చెక్కగుర్రం కడుపునిండా సైనికులు ఉండటం, ఇవంటే ప్రాణం. గ్రీకు భాష మాత్రం గిట్టలేదు. హోమరు కథలు ఎంత తియ్యగా ఉన్నా, తెలియని భాషను బెత్తంతో నేర్పడం వల్ల ఆ తీపి చేదైపోయిందని రాసుకున్నాడు. భయంకన్నా స్వేచ్ఛగా పుట్టే కుతూహలమే భాష నేర్చుకోవడానికి మేలని అంత పెద్ద మేధావి చెబుతుంటే, నేను సున్నా వేసిన ఆ పిల్లవాడు జ్ఞాపకం వచ్చాడు. అర్థం కాలేదని నిజం చెప్పినవాడు ఆ తరగతిలో వాడొక్కడే.

అసలు సంగతి అది కాదు. వర్జిల్ మహాకవి లాటిన్ కావ్యం ‘ఈనీడ్’లో డైడో అనే రాణి ఉంది. కార్తేజ్ నగరాన్ని కట్టింది ఆమేనని ఐతిహ్యం. ట్రోయ్ నుంచి ఓడల్లో కొట్టుకువచ్చిన ఈనియస్ అనే వీరుణ్ణి ఆదరించి, ప్రేమించింది. అతడు దేవతల ఆజ్ఞ అంటూ ఆమెను ఒడ్డున వదిలి ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. ఆమె ప్రాణం తీసుకుంది. ఈ ఘట్టం చదివి బాలుడైన అగుస్తీను ఏడ్చాడు. మరో సందర్భంలో, ఈనియస్‌ను ఆపలేకపోయిన జూనో దేవత కోపాన్ని, దుఃఖాన్ని వచనంలో అభినయించి చెప్పమంటే, తోటివాళ్లందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి. మన భాషలో చెప్పాలంటే క్లాసు ఫస్టు.

నలభై దాటి, హిప్పో పట్టణానికి మేత్రాణులుగా ఉన్న కాలంలో ఆయన ఆ కన్నీళ్లను గుర్తుచేసుకుని తనను తాను గట్టిగా మందలించుకున్నాడు. ప్రేమకోసం చచ్చిపోయిన డైడో మీద ఏడ్చాను, దేవుడికి దూరమై చచ్చిపోతున్న నా మీద నాకు ఒక్క చుక్క రాలేదు, ఇంతకన్నా దౌర్భాగ్యం ఏముంటుంది అన్నది ఆయన బాధ. మూడో భాగంలో నాటకాల గురించి ఇంకా సూటిగా అడుగుతాడు. రంగస్థలం మీది దుఃఖం చూసి మనిషి ఏడుస్తాడు, ఆ ఏడుపు అతనికి ఇష్టం కూడా. ఎందుకని? అక్కడ ప్రేక్షకుణ్ణి ‘వచ్చి ఆదుకో’ అని ఎవరూ పిలవరు. ‘కూర్చుని బాధపడు’ అంటారు, అంతే. ఎంత బాధపడితే నటుడికి అంత పేరు. ఏడుపు రాకపోతే సణుగుతాడు.

ఇక్కడ పుస్తకం మూసేశాను. ‘గబ్బిలం’ చెప్పి, గొంతు పూడుకుపోయి, తృప్తిగా ఇంటికి నడిచిన మాస్టారు కళ్లముందు కనిపించాడు.

పెద్దలు క్షమించాలి, పునీతులవారితో ఒక చిన్న తగవు కూడా ఉంది నాకు. తప్పంతా డైడో కన్నీళ్లదే అన్నట్టు మాట్లాడతాడాయన. అది నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. ఆయన కథే ఇంకో మాట చెబుతుంది.

మోనికమ్మగారి కన్నీళ్లు మన తల్లులందరికీ తెలుసు. ఆగస్టు 27న ఆమె పండుగనాడు ఆ కన్నీళ్ల మీద ప్రసంగం వినని వాళ్లుండరు. అయితే ఆ కన్నీళ్లలో ఒక రాత్రి ప్రత్యేకం. 383లో అగుస్తీను కార్తేజ్ నుంచి రోముకు పోదలచాడు. తల్లి వదలలేదు, నన్నూ తీసుకుపో, లేదా నువ్వూ ఇంటికి రా అని సముద్రం ఒడ్డుదాకా వెంట వచ్చింది. ఆయన అబద్ధమాడాడు. స్నేహితుణ్ణి సాగనంపడానికి వచ్చాను, గాలి అనుకూలించేదాకా అతని దగ్గరే ఉంటానన్నాడు. పక్కనే ఉన్న పునీత సిప్రియన్ స్మారక మందిరంలో ఆ రాత్రి ఉండేలా ఆమెను ఒప్పించాడు. ఆమె ప్రార్థిస్తూ, ఏడుస్తూ ఉంది. ఆయన ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. తెల్లవారి ఆమె ఒడ్డుకు వచ్చి చూస్తే ఏమీ లేదు, సముద్రం తప్ప.

అదే కార్తేజ్. అదే ఒడ్డు. విడిచిపెట్టిన ఆడమనిషి, వెళ్లిపోయిన ఓడ. డైడో కోసం ఏడ్చిన కుర్రవాడు పెద్దవాడై, డైడోను వర్జిల్ నిలబెట్టిన చోటనే కన్నతల్లిని నిలబెట్టి వెళ్లాడు. తరువాత మిలాను నగరంలో ఇంకొకటి జరిగింది. ఏళ్ల తరబడి తనతో కాపురం చేసి, అదెయోదాతుస్ అనే కొడుకును కన్న స్త్రీని, తగిన సంబంధం కుదిరిందని పక్కకు తప్పించారు. కొడుకు తండ్రి దగ్గర ఉండిపోయాడు. ఆమె మరో మగవాణ్ణి ఎరగనని మొక్కుకుని ఒంటరిగా ఆఫ్రికా వెళ్లిపోయింది. తన గుండె కోతపడి నెత్తురు కారిందని ఆయన రాశాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు. డైడో పేరు మనకు తెలుసు, ఆమె పేరు తెలియదు. చదివిన ప్రతిసారీ నాకు అక్కడ మనసు చివుక్కుమంటుంది.

మరి వర్జిల్ కావ్యం వ్యర్థమైనట్టేనా? ఒడ్డు మీద తల్లి ఘట్టం చదవండి. డైడో పేరు ఆయన ఎత్తడు. ఎత్తకపోయినా, వర్జిల్ చదివినవాడికి ఆ ఒడ్డు వెనక ఇంకో ఒడ్డు కనబడుతుంది. చిన్నప్పుడు కంఠస్థం చేసిన కావ్యమే, ఆలస్యంగానైనా, తాను చేసిన పనిని తనకు చూపించిందని నాకనిపిస్తుంది. 387లో ఓస్తియా రేవులో మోనికమ్మ కన్నుమూసింది. మొదట ఏడుపు బిగబట్టుకుని, తరువాత తల్లి కోసం కాసేపు ఏడ్చాడాయన. అది తప్పని ఎవరైనా అంటే నవ్వకండి, నా పాపాల కోసం ఏడవండి అని రాశాడు. బళ్లో డైడో కోసం రాలిన చుక్కకు, ఓస్తియాలో తల్లి కోసం రాలిన చుక్కకు మధ్య దాదాపు ఇరవై ఏళ్ల దూరం. పద్యం చేసే పనికి కొందరిలో అంత కాలం పడుతుంది. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి ఒక్క సాయంత్రం పట్టింది.

పునీత ఇగ్నేషియస్ లొయోలా కూడా పుస్తకం వల్లనే మలుపు తిరిగాడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. కాలక్షేపానికి వీరుల సాహసగాథలు అడిగితే ఇంట్లో అవి లేక, క్రీస్తు జీవితం, పునీతుల కథలు ఇచ్చారు. ఆయన చేసిన తెలివైన పని ఒకటే. పుస్తకం మూసిన తరువాత తన మనసు ఎలా ఉందో గమనించుకున్నాడు. సాహసాల పగటికలలు అప్పటికి హాయిగా ఉండి తరువాత మనసును ఎండగట్టేవి. రెండో రకం ఊహలు పోయాక కూడా సంతోషం మిగిలేది. చదువుతున్నప్పుడు ఏమనిపించిందో చెప్పడం తేలిక. మూసిన తరువాత ఏమి మిగిలిందో చూసుకోవడం కష్టం. మా ప్రశ్నపత్రాల్లో ఆ రెండోది అడిగిన పాపాన పోలేదు.

ఇలా అంటే తల్లిదండ్రులు ఊరుకోరు. ‘మాస్టారూ, పిల్లలు తోచింది రాస్తే మార్కులెవరు వేస్తారు? ఎవరి అభిప్రాయం వారిదైతే ఇక తప్పూ ఒప్పూ ఏముంది?’ న్యాయమైన ప్రశ్నే. తోచిందల్లా జవాబు కాదు. ఆ అమ్మాయి పేపరు మళ్లీ చూడండి. గబ్బిలానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. పిల్లికి ప్రవేశం ఉంది, పనిమనిషికి లేదు. కావ్యం ఇరుసు ఎక్కడుందో ఆమె పట్టుకుంది. గైడు రాసినాయన పట్టుకోలేదు, దాన్ని దిద్దిన నేనూ పట్టుకోలేదు. తక్కిన నలభై ఒక్కమంది కరుణరసమని రాశారు గాని, కావ్యంలో గబ్బిలమే ఎందుకు, పావురం ఎందుకు కాదు అన్నది వాళ్ల జవాబుల్లో లేదు. సొంత స్పందన అంటే పద్యాన్ని వదిలేసి మన గొడవ చెప్పుకోవడం కాదు. పద్యాన్ని అంత దగ్గరగా చదివితే అది మనింటి పెరట్లోకి వచ్చి నిలబడుతుంది.

దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్‌వారు 2024 జూలై 17 తేదీతో సాహిత్యం గురించి ఒక లేఖ రాశారు. గురువిద్యార్థుల శిక్షణ కోసమని మొదలుపెట్టి, విశ్వాసులందరికీ వర్తింపజేశారు. అందులో తన సొంత అనుభవం చెప్పారు. 1964, 65 సంవత్సరాల్లో, 28 ఏళ్ల వయసులో, అర్జెంటీనాలోని శాంతా ఫే పట్టణంలో యేసుసభవారి పాఠశాలలో ఆయన సాహిత్యం బోధించేవారు. పాఠ్యప్రణాళిక ప్రకారం ‘ఎల్ సిద్’ అనే ప్రాచీన స్పానిష్ కావ్యం చెప్పాలి. పిల్లలకు అది రుచించలేదు. గార్సియా లోర్కాను చదువుతామని అడిగారు. పాతకావ్యం ఇంటిదగ్గర చదువుకోండి, తరగతిలో మీకు నచ్చిన రచయితల గురించి మాట్లాడుకుందాం అన్నారాయన. అలా మొదలుపెట్టిన పిల్లలు క్రమంగా సాహిత్యంలో రుచి పెంచుకుని తక్కిన రచయితల దగ్గరకూ వెళ్లారట. బలవంతంగా చదివించడంకన్నా చెరుపు లేదన్నది ఆయన అనుభవం. ఆ లేఖ చదివి ఎంత సంతోషించానో అంత సిగ్గుపడ్డాను. పాఠ్యప్రణాళిక పూర్తికాదని భయపడి, పిల్లలకు ఏది నచ్చిందో అడగకుండానే ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి నేను.

నిజం చెప్పాలంటే నా భయం పాఠ్యప్రణాళిక గురించి మాత్రమే కాదు.

మా ఇంట్లోనూ గ్లాసు ఉండేది. సత్తుది కాదు, స్టీలుదే. అంచున చిన్న సొట్ట, గుర్తుకోసం. బావిగోడ మీద బోర్లించి ఉండేది. అప్పటికి మా అమ్మ ఉంది, ఇంటి పద్ధతులన్నీ ఆమెవి. పెద్దవాళ్లను కష్టపెట్టడమెందుకని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. పొద్దున బడిలో గబ్బిలం పద్యాలు, సాయంత్రం బావిగోడ మీద గ్లాసు. రెండింటి మధ్య నడిచేది నేనొక్కణ్ణే అయినా ఒకదానికి ఒకటి ఎప్పుడూ ఎదురుపడలేదు. ఆ పేపరులో మొదటిసారి ఎదురుపడ్డాయి. అందుకే ఎర్రకలం అంత తొందరపడిందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ సాయంత్రం గ్లాసు తీసేశానని రాస్తే ఈ వ్యాసం అందంగా ముగిసేది. తీయలేదు. అమ్మ పోయాక, ఇల్లు సున్నం వేయించినప్పుడు అది ఎటు పోయిందో పోయింది. నేను తీసింది కాదు.

నాలుగేళ్ల క్రితం ఒక విచారణ పండుగలో, పూజ అయ్యాక, మండువేసవిలో చలువపందిరి కింద ఒకామె వచ్చి నమస్కారం పెట్టింది. ‘గుర్తుపట్టారా మాస్టారూ?’ అంది. పట్టాను. ఇప్పుడు తానూ తెలుగు పంతులమ్మేనట. కుశల ప్రశ్నలయ్యాక ధైర్యం చేసి అడిగాను.

‘గబ్బిలం పేపరు జ్ఞాపకముందా అమ్మా?’

నవ్వింది. ‘ఏం రాశానో జ్ఞాపకం లేదు మాస్టారూ. అప్రస్తుతం అని మీరు రాసింది జ్ఞాపకముంది.’

నేనేమీ అనలేకపోయాను. ఆమే అందుకుంది. పరీక్ష రాసిన మర్నాడు ఆ పనిచేసే ఆమెకు తన గ్లాసులో టీ పోసిందట. అమ్మ చూసి కేకలేసి, ఆ గ్లాసు కూడా గూట్లో పెట్టేసిందట. ‘నాకేం తోచక నెలరోజులు నేనూ ఆ గూట్లో గ్లాసుతోనే తాగాను. చివరికి అమ్మే విసుగెత్తి రెండూ లోపల పెట్టింది. పేపరు మీద నాన్న సంతకం కావాలన్నారు గదా మీరు, చూపిస్తే రెండు మార్కులకు తంతారని నేనే పెట్టేశాను. మీరు కనిపెట్టలేదు!’

కనిపెట్టలేదు నిజమే. సంతకాలు అంత జాగ్రత్తగా చూసేవాణ్ణి కాదు.

ఇంతలో పందిట్లో భోజనాలకు పిలిచారు. ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నాం. మా ఇంటి గ్లాసు సంగతి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ పత్రిక వాళ్ల ఇంటికి వస్తుందని మాత్రం మాటల మధ్య చెప్పింది.